కరెంటు తీగ మీద కబురు

వై-ఫై అందని గదికి పవర్‌లైన్ అడాప్టర్ల జత కొనేవాళ్లున్నారు. ఒకటి రౌటర్ పక్క సాకెట్లో, రెండోది ఆ గదిలో పెడితే మధ్యలో ఇంటి వైరింగే నెట్ కేబుల్ పని చేస్తుంది. పెట్టె మీద వందల మెగాబిట్ల వేగం రాసి ఉన్నా, గదిలో వీడియో ఆగి ఆగి నడుస్తుంది. తప్పు అడాప్టర్‌దని తేల్చేస్తాం. కానీ కరెంటు తీగ మీద కబురు పంపే విద్య వయసు సుమారు నూరేళ్లు. ఆ చరిత్ర చూస్తే, పంపే పరికరం కన్నా తీగను కబురుకు తగ్గట్టు సిద్ధం చేయడం మీదే ఫలితం ఆధారపడిందని తెలుస్తుంది.

1920ల నాటికే విద్యుత్ సంస్థలు హైటెన్షన్ లైన్ల మీద మాటలు పంపడం మొదలుపెట్టాయి. దూరదూరాల సబ్‌స్టేషన్ల మధ్య వేరే టెలిఫోన్ లైను వేసే ఖర్చు తప్పింది. మన విద్యుత్ ఇంజనీర్లు పీఎల్‌సీసీ (పవర్ లైన్ క్యారియర్ కమ్యూనికేషన్) అనేది ఆ పద్ధతినే. 132, 220 కేవీ లైను సబ్‌స్టేషన్‌లోకి దిగే చోట మందపాటి అల్యూమినియం చుట్టలతో బోలు పీపాలాంటిది ఒకటి వేలాడుతూనో, ఇన్సులేటర్ మీద నిలబడో కనిపిస్తుంది. అదే వేవ్ ట్రాప్. 50 హెర్ట్జ్ కరెంటును దాదాపు అడ్డు లేకుండా పోనిచ్చి, పదుల నుంచి వందల కిలోహెర్ట్జ్‌లలో ఉండే మాటల తరంగాన్ని మాత్రం అక్కడే ఆపుతుంది. పక్కనున్న కప్లింగ్ కెపాసిటర్ ఆ తరంగాన్ని కంట్రోల్ రూము వైపు దించుకుంటుంది. లైను రెండు చివరలా ఈ కాపలా ఉంది కాబట్టే ఆ పద్ధతి దశాబ్దాల పాటు నమ్మకంగా నడిచింది.

ఇంట్లో ఆ కాపలా లేదు. 1975లో స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథెస్‌లో పికో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఎక్స్-10 పద్ధతి తయారుచేసింది. లైట్లు వేయడం, ఆర్పడం లాంటి చిన్న ఆజ్ఞలే దాని పని. వోల్టేజీ సున్నాను దాటే క్షణంలో, రొద తక్కువగా ఉన్నప్పుడు చూసి, 120 కిలోహెర్ట్జ్ తరంగాన్ని మిల్లీసెకను పాటు వదిలేది. అంత జాగ్రత్త పడినా ఆజ్ఞలు దారి తప్పేవి. అమెరికా ఇళ్లకు కరెంటు రెండు పాయలుగా వస్తుంది. ఒక పాయ మీది కబురు రెండోదానికి చేరాలంటే వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోయి రావాలి. పాయలను కలిపే కప్లర్, గోల చేసే పరికరానికి ఫిల్టర్ పెట్టాక గానీ చాలా ఇళ్లలో అది కుదుటపడలేదు. ఇంటి బయటి లైన్లకూ చిక్కు తప్పలేదు. 1997లో మాంచెస్టర్ ప్రాంతంలో విద్యుత్ సంస్థ నోర్‌వెబ్, టెలికాం సంస్థ నార్టెల్ కరెంటు లైన్ల మీదే ఇంటర్నెట్ ఇస్తామన్నాయి. రేడియో ప్రసారాలకు అంతరాయం కలుగుతుందన్న ఆందోళన వెంటాడింది; 1999లో ఆ ప్రయత్నం ఆగిపోయింది.

ఆ తరం పోయింది, ఇప్పటి చిప్పులు వేరు అనవచ్చు. నిజమే. పవర్‌లైన్ అడాప్టర్ల కోసం 2001లో వచ్చిన హోమ్‌ప్లగ్ మొదటి ప్రమాణంలో 14 మెగాబిట్లున్న వేగం, 2005 నాటి ఏవీ ప్రమాణంలో 200కు చేరింది. కబురును వందల సన్న తరంగాలుగా చీల్చి, రొద ఉన్నవాటిని వదిలేసి, తప్పులు దిద్దుకుంటూ పంపడం గొప్ప ఇంజనీరింగే. అయితే ఆ అంకెలు తీగ మీది ముడి వేగాలు. రానుపోను రెండు దిశలూ దాన్నే పంచుకోవాలి, తప్పుల దిద్దుబాటుకూ అందులోంచే పోవాలి. పైగా తీగ పాతదే. స్పైక్ గార్డ్‌లోని కెపాసిటర్లు ఎక్కువ పౌనఃపున్యం ఏదైనా రొదే అనుకుని మింగేస్తాయి. వేవ్ ట్రాప్ చేసే పనే ఇక్కడ కాని చోట జరుగుతోంది. అందుకే అడాప్టర్‌ను నేరుగా గోడ సాకెట్లోనే గుచ్చాలి. ఫోన్ ఛార్జర్లు, ఎల్ఈడీ డ్రైవర్లు పక్కనుంటే తీసి చూడాలి. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న మన ఇళ్లలో కింది అంతస్తు ఒక ఫేజు మీద, పైది మరో ఫేజు మీద ఉంటే ఎక్స్-10 నాటి చిక్కే మళ్లీ ఎదురవుతుంది.

ఇంత తంటా ఎందుకు, మెష్ వై-ఫై పెట్టుకుంటే పోలేదా అన్నది ఇంకో ప్రశ్న. గోడలు పల్చగా ఉన్న ఇంట్లో అదే మేలు. మందపాటి రాతిగోడలూ, కాంక్రీటు స్లాబులూ ఉన్నచోట మాత్రం మెష్ పెట్టెల మధ్య తరంగం కూడా సన్నగిల్లుతుంది. కొత్తది కొనేముందు చేయదగ్గ పరీక్ష ఒకటుంది. రెండో అడాప్టర్‌కు లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో కలిపి వేగం కొలవాలి. అది బాగుండి ఫోన్లోనే మందగిస్తే లోపం వై-ఫైది. కేబుల్‌తోనూ మందగిస్తే అడాప్టర్లు రెండింటినీ ఒకే గదిలో దగ్గరి సాకెట్లలో పెట్టి మళ్లీ కొలవాలి. అక్కడ వేగం పుంజుకుంటే అడాప్టర్లు మంచివే, చిక్కు మధ్యలోని తీగదే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ రెండు గదులూ ఏ ఫేజు మీద ఉన్నాయో అడగాలి.