పెరూ దేశపు పర్యాటకం: దారి ఎవరిది, రాబడి ఎవరిది?

దక్షిణ అమెరికా ఖండపు పడమటి అంచున, పసిఫిక్ మహాసముద్రానికి ఆనుకొని ఉన్న దేశం పెరూ. రాజధాని లిమా నగరం. ఈక్వడార్, కొలంబియా, బ్రెజిల్, బొలీవియా, చిలీ దేశాలతో దీనికి సరిహద్దులు ఉన్నవి. మన వంటింట్లో నిత్యం ఉడికే బంగాళాదుంపను, మన పాఠకులలో చాలామంది ఉర్లగడ్డ అని పిలిచే ఆ దుంపను, మొట్టమొదట సాగులోకి తెచ్చినది పెరూ, బొలీవియాల ఆండీస్ పర్వత ప్రాంతపు రైతులే. అంతకు మించి ఆ దేశంతో మనకు పరిచయం తక్కువ. అయినప్పటికీ అక్కడి పర్యాటక రంగపు చరిత్ర గ్రామీణ కుటుంబాలు తెలుసుకొనదగినది. ఏలయనగా అక్కడ యాత్రికులు చూడవచ్చేది ఎక్కువగా పల్లెలనూ, పల్లెవాసుల పూర్వీకులు కట్టిన కట్టడాలనే.

2019లో సుమారు 44 లక్షల మంది విదేశీయులు పెరూ దేశాన్ని సందర్శించారు. 2020 మార్చిలో కరోనా కారణంగా సరిహద్దులు మూతపడగా, ఆ ఏడాది సంఖ్య తొమ్మిది లక్షల లోపునకు పడిపోయింది. 2021లో అందులో సగమే. 2024 నాటికి 32 లక్షలు దాటినా, పూర్వపు స్థాయి అందలేదు. రాతి గీతలతో ప్రసిద్ధి చెందిన నాజ్కా ఎడారి, అమెజాన్ అడవి, లిమా నగరపు భోజనశాలలు కూడా యాత్రికులను ఆకర్షిస్తున్నవి. పచ్చి చేపను నిమ్మరసంలో ఊరవేసి తినే ‘సెవిచే’ అను వంటకానికి 2023లో యునెస్కో గుర్తింపు లభించింది. కానీ వచ్చినవారిలో అత్యధికుల మనస్సులో ఉండేది మాచు పిచ్చు ఒక్కటే.

మాచు పిచ్చు అనగా క్వెచువా భాషలో ‘పాత శిఖరం’ అని అర్థం. 15వ శతాబ్ది మధ్యకాలంలో, ఇంకా చక్రవర్తి పచాకూతి హయాంలో ఈ కొండకొమ్ము పట్టణాన్ని నిర్మించారని పండితుల అభిప్రాయం. సముద్రమట్టానికి 2,430 మీటర్ల ఎత్తు. మన ఊటీ కంటే కొంచెం ఎక్కువ. 1911 జులై 24న అమెరికా అధ్యాపకుడు హిరామ్ బింగమ్ దీనిని ‘కనుగొన్నాడు’ అని పుస్తకాలలో వ్రాసి ఉంటుంది. ఆ మాట సరియైనది కాదు. అప్పటికే అక్కడ రైతు కుటుంబాలు మెట్ల పొలాలు దున్నుకుంటూ నివసిస్తున్నవి. అగస్టిన్ లిజారాగా అను స్థానికుడు 1902లోనే అక్కడి గోడ మీద తన పేరు వ్రాసి వెళ్ళాడు. బింగమ్‌కు కొండదారి చూపినది మెల్చోర్ ఆర్తేగా అను రైతు. అతనికి ముట్టిన కూలి ఒక సోల్ నాణెం. తవ్వకాలలో దొరికిన వస్తువులు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి తరలిపోయి, దీర్ఘకాలం జరిగిన వివాదం తరువాత 2011, 2012లలో పెరూకు తిరిగి వచ్చాయి.

ఇంతకూ అక్కడికి చేరేదెట్లు? కుస్కో పట్టణం వరకు విమానం ఉన్నది. అక్కడి నుండి ఒల్యంటాయ్‌టాంబో వరకు బస్సు. ఆపైన కొండ అడుగున ఉన్న ఆగువాస్ కాలియెంతెస్ అను ఊరికి వాహనాలు పోయే రోడ్డు లేదు; నదీలోయ వెంబడి పోయే రైలు ఒక్కటే సౌకర్యం. ఈ రైల్వే నిర్వహణను ప్రభుత్వం 1999లో ప్రైవేటు వారికి అప్పగించింది. యాత్రికులు ఎక్కే పెట్టెల ధర వేరు, స్థానికులు తక్కువ ధరకు ఎక్కే పెట్టెలు వేరు. ఖర్చు భరించలేని యువకులు మరొక వైపు నుండి జలవిద్యుత్ కేంద్రం దాకా వ్యానులో వచ్చి, పట్టాల ప్రక్కన పది కిలోమీటర్లకు పైగా నడుస్తారు. ఊరి నుండి కొండమీదికి మళ్ళీ బస్సు.

ఒకే దారి ఉన్నచోట ఆ దారికి ఆటంకం కలిగితే అంతా స్తంభిస్తుంది. 2010 జనవరిలో వరదకు పట్టాలు కొట్టుకుపోగా, సుమారు నాలుగు వేల మంది సందర్శకులను హెలికాప్టర్ల ద్వారా తరలించవలసి వచ్చింది. మాచు పిచ్చు ఏప్రిల్ 1న గాని తిరిగి తెరుచుకోలేదు. 2022 డిసెంబరులో అధ్యక్షుడు పెద్రో కాస్తియో పదవీచ్యుతి అనంతరం చెలరేగిన ఆందోళనల వలన 2023 జనవరి 21 నుండి సుమారు మూడున్నర వారాలు మూతపడింది. 2024 జనవరిలో టికెట్ల అమ్మకాన్ని ప్రైవేటు సంస్థకు అప్పగించినందుకు ఊరివారు సమ్మె చేశారు. 2025 సెప్టెంబరులో కొండమీది బస్సుల గుత్త గడువు తీరి, తరువాతి హక్కు ఎవరిదన్న తగవు రేగింది. పట్టాలకు అడ్డం పెట్టడంతో రైళ్ళు ఆగి, వెయ్యి మందికి పైగా యాత్రికులను అక్కడి నుండి తరలించారు. ఈ తగవులు శిల్పకళ గురించి కావు, ప్రవేశం గురించి కూడా కావు. టికెట్టు ఎవరు అమ్మాలి, బస్సు ఎవరు నడపాలి అన్నదే వీటి సారం.

కాలినడకన పోదలచిన వారికి ‘ఇంకా బాట’ ఉన్నది. నాలుగు రోజులు, సుమారు 43 కిలోమీటర్లు, మధ్యలో 4,200 మీటర్ల కనుమ. కూలీలతో కలిపి రోజుకు 500 మందినే అనుమతిస్తారు; ఫిబ్రవరి నెలలో బాటను మూసివేస్తారు. యాత్రికుల గుడారాలు, వంటపాత్రలు మోసేది చుట్టుపట్ల పల్లెల క్వెచువా రైతులు. పూర్వం ఒక్కొక్కరి వీపు మీద ఎంత బరువు వేసినా అడిగేవారు లేరు. 2001లో చట్టం వచ్చి, మోతను 20 కిలోలకు పరిమితం చేసింది. బాట మొదట్లోనే మూటలు తూకం వేస్తారు. అయినను కూలి, తిండి, పడక విషయాలలో ఫిర్యాదులు ఆగలేదు.

ఇక నా దృష్టిలో అన్నింటికంటే గమనింపదగినది తకీలే దీవి వృత్తాంతం. పెరూ, బొలీవియా సరిహద్దు మీదుగా పరచుకున్న టిటికాకా సరస్సులో, పునో పట్టణానికి పడవలో మూడు గంటల దూరాన ఉన్నది ఈ చిన్న దీవి. సరస్సు మట్టమే 3,800 మీటర్లకు పైన. రేవు నుండి ఊరిలోకి ఐదు వందలకు పైగా రాతి మెట్లు ఎక్కాలి. వాహనాలు లేవు. రెండు వేల మంది దాకా క్వెచువా మాట్లాడే వారు నివసిస్తారు. ఇక్కడ అల్లిక పని మగవారిది, నేత ఆడవారిది. మగవాడి టోపీ రంగును బట్టి పెళ్ళయినదో లేదో చెప్పవచ్చు. ఈ వస్త్రకళను యునెస్కో 2005లో గుర్తించింది.

20వ శతాబ్దంలో భూస్వాముల నుండి తమ భూములను తామే కొనుక్కున్న ఈ ప్రజలు, 1970ల నడుమ యాత్రికులు రాసాగినపుడు అదే పట్టుదల చూపారు. హోటళ్ళు కట్టనివ్వలేదు. రేవులో దిగినవారిని వంతుల ప్రకారం ఇంటికి కొందరి చొప్పున పంపేవారు. గుడ్డలను ఊరుమ్మడి దుకాణంలో నిర్ణీత ధరకు అమ్మేవారు. బేరసారాలతో ఇరుగుపొరుగులు ఒకరి ధర ఒకరు తగ్గించుకోకుండా ఇది కాపాడింది. ముఖ్యంగా, పునో నుండి తమ దీవికి వచ్చే పడవలను తామే కొందరు కలిసి కట్టుకుని, తామే నడిపారు. పడవకూలి, బస, భోజనం, బట్ట అన్నీ దీవిలోనే మిగిలేవి.

1990లలో, ఫుజిమోరి ప్రభుత్వ కాలంలో, పోటీని ప్రోత్సహించే చట్టాల పేరిట పడవలపై దీవివాసుల ప్రత్యేక హక్కు పోయింది. పునోలోని యాత్రా సంస్థలు వేగపు పడవలు దించాయి. ఉదయం రెల్లుతో అల్లిన ఊరోస్ తేలియాడే దీవులు, మధ్యాహ్నం తకీలేలో భోజనం, సాయంత్రానికి పునో. ఇదీ వారి కార్యక్రమం. వచ్చేవారి సంఖ్య పెరిగింది గాని, రాత్రి బస చేసేవారు తగ్గారు. రాబడిలో పెద్ద పాలు పట్టణానికి తరలింది. తరువాత దీవివాసులు సొంత యాత్రా సంస్థ పెట్టుకుని కొంత నిలదొక్కుకోజూచారు. ఇండ్లు వారివే, నేత వారిదే, మెట్లు కూడా వారివే. పడవ మాత్రం చేయి జారింది.

భాష సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2017 జనగణన ప్రకారం పెరూలో క్వెచువా మాతృభాషగా గలవారు 37 లక్షలకు పైబడి ఉన్నారు. 1975లో దానికి అధికార భాష హోదా వచ్చినా, బడిలోను, కచేరీలోను, విమానాశ్రయంలోను స్పానిష్‌దే పెత్తనం. ఇంట్లో ఒక భాష, బస్సు బోర్డు మీద మరొక భాష అన్న అనుభవం మన సరిహద్దు పాఠకులకు వివరించనక్కరలేదు. అక్కడ మూడవది కూడా తోడైంది: మార్గదర్శకునిగా కుదరాలంటే ఇంగ్లీషు కావాలి. మూడూ వచ్చినవాడు కథ చెబుతాడు, ఒక్కటే వచ్చినవాడు మూట మోస్తాడు. పండితులు మాచు పిచ్చు రాళ్ళకు ఇచ్చిన గౌరవంలో ఆ రాళ్ళు పేర్చినవారి భాషకు దక్కినది స్వల్పం.

ప్రస్తుతం కుస్కో సమీపాన చించెరో అను పల్లె వద్ద కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం నిర్మాణంలో ఉన్నది. భూమి చదును పనులు 2019లో ఆరంభమైనవి. ఇంకా కాలపు మెట్ల పొలాలు, నీటి వనరులు దెబ్బతింటాయని పురావస్తు శాస్త్రజ్ఞులు అభ్యంతరం తెలిపారు. పల్లెవాసులలో భూమి అమ్మి సంతోషించినవారూ ఉన్నారు, చింతించినవారూ ఉన్నారు. అది పూర్తయితే విదేశీ విమానాలు లిమాను దాటి నేరుగా కొండల మీదికే దిగగలవు.

మన వారెవరైనా వెళ్ళదలచినచో కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. భారతదేశం నుండి నేరుగా విమానం లేదు; ఐరోపా లేదా అమెరికా మీదుగా మారవలసి ఉంటుంది. వీసా ఢిల్లీలోని పెరూ రాయబార కార్యాలయం ద్వారా పొందాలి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాలలో ఒకదాని వీసా కనీసం ఆరు నెలల గడువుతో గల భారతీయులకు 2017 నుండి మినహాయింపు ఇచ్చారు. అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు పోయే తల్లిదండ్రులకు ఇది ఉపయోగకరం. బయలుదేరే ముందు రాయబార కార్యాలయంలో విచారించుకోవడం మేలు. పెరూ నుండి తిరిగి వచ్చేవారు మన విమానాశ్రయంలో పచ్చజ్వరం టీకా ధ్రువపత్రం చూపవలసి ఉంటుంది కనుక, ప్రయాణానికి పది రోజుల ముందే టీకా వేయించుకోవాలి. మే నుండి సెప్టెంబరు వరకు పొడి వాతావరణం, రాత్రులు చలి. కుస్కో ఎత్తు 3,400 మీటర్లు. దిగిన రోజున తలనొప్పి, ఆయాసం సహజం, ఒకటి రెండు రోజులు విశ్రాంతి అవసరం. అక్కడివారు ఇందుకు కోకా ఆకుల టీ ఇస్తారు. ఆ ఆకులను గాని, టీ పొట్లాలను గాని ఇంటికి తేరాదు. మన చట్టం ప్రకారం అది నేరం. తకీలేకు పోయేవారు పునో రేవులో దీవివారి పడవ ఏదని అడిగి ఎక్కి, ఒక రాత్రి అక్కడ బస చేయవచ్చు.