మా దరువుకి మేరేది?

మాది దివిసీమలో కోడూరు. కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర. మేం మాదిగలం. మా తాత డప్పు కొట్టాడు, మా అయ్య కొట్టాడు. పీనుగ లేచినా, అమ్మోరు ఊరేగినా డప్పు లేకుండా ఊరు అడుగు తీసి అడుగు వెయ్యదు. కొట్టేవోడి ఇల్లు మాత్రం ఊరి బయటే.

చెప్పులు కుట్టినందుకూ, డప్పు కొట్టినందుకూ మావోళ్లకి కల్లం దగ్గర మేర కొలిచేవాళ్లు. మేరంటే ముష్టి కాదు. పంట పండిన ప్రతి ఏడూ రావలసిన వాటా. తాలుగింజలు కలిపారు, తక్కువ కొలిచారు, అయినా వాటా ఉందని ఒప్పుకున్నారు. ఇప్పుడు పట్నపోళ్లు రాయల్టీ అంటున్నది ఈ మేరనే. పాట మోగి డబ్బు తెచ్చినప్పుడల్లా పాటగాడికి రావలసిన వాటా. మరి మా దరువు మేర ఏ కల్లంలో పోయింది?

1957 కాపీరైట్ చట్టం సంగీతమంటే ఏమిటో చెప్పింది. అచ్చులోనో రాతలోనో ఉన్నదే సంగీతం. అక్షరం ముట్టనివ్వని జాతికి ఈ దేశం పెట్టిన షరతు అది. 1977 మార్చిలో సుప్రీంకోర్టు సినిమా పాటల కేసులో, వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి పాట కట్టించుకున్న నిర్మాతదే హక్కు అంది. పాడే గొంతుకి ఈ చట్టంలో చోటు లేదనీ, పార్లమెంటు ఆలోచించాలనీ జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా రాశారు. అదే ఏడాది నవంబరు 19న ఉప్పెన మా తాతని తీసుకుపోయింది. ఆయన చేతిలో ఉన్న దరువులూ ఆయనతోనే పోయాయి. రాతలో లేవు కనక చట్టం లెక్కలో పోయిందేమీ లేదు.

కాగితం మీద లేకపోయినా సంగీతం సంగీతమేనని ఒప్పుకోడానికి 1994 దాకా పట్టింది. పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ ప్రదర్శకుల హక్కు వచ్చిందీ అప్పుడే, 25 ఏళ్లకి. 1999లో 50 ఏళ్లు చేశారు. 2012లో, వ్యాపారానికి వాడుకుంటే ప్రదర్శకుడికి రాయల్టీ ఇవ్వాలన్నారు. ఆ సవరణలోనే ఒక మెలిక పెట్టారు. సినిమాలో ఏదో సందర్భానికి వచ్చిపోయేవాడు, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం పేర్లలో ఎక్కడా పడనివాడు ప్రదర్శకుడు కాడట. తన కళని చెడగొడితే అడిగే హక్కొక్కటే వాడికి మిగిల్చారు. ఎవరి ఆనవాయితీ? మా పేరు వెయ్యకపోవడమే కదా వాళ్ల ఆనవాయితీ!

మా జిల్లా మొవ్వ పేరు క్షేత్రయ్య పదాల్లో ముద్రగా నిలిచింది. అన్నమయ్య కీర్తనలు తిరుమలలో రాగిరేకులకెక్కాయి. మా దరువు కట్టినవాడికి ముద్రా లేదు, రేకూ లేదు. జానపదం అన్నారు. అంటే అందరిదీ అట. అందరిదీ అన్నాక ముందు పట్టుకున్నవాడిదే అవుద్ది. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో 'సారంగదరియా' పాటకి సుద్దాల అశోక్ తేజ పేరు పడితే, ఆ జానపదాన్ని నేనే సేకరించి టీవీలో ముందే పాడానని గాయని కోమలి నిలదీసింది. అడగగలిగింది కనక లోకానికి తెలిసింది. అడగలేని గొంతులెన్నో!

క్యాసెట్ల రోజుల్లో ఒక కంపెనీవాళ్లు మా అయ్య చేత రాత్రంతా వాయించుకుని, కూలి డబ్బులు చేతిలో పెట్టి, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. క్యాసెట్టు మీద ఆయన పేరు లేదు. ఆయన పోయాక మా పిల్లలు గుర్తుగా ఆ దరువుని యూట్యూబులో పెడితే, హక్కుదారు వేరే ఉన్నాడని నోటీసు వచ్చింది. అక్కడ ముందు మనిషి చూడడు. దాఖలైన పాటతో మిషను పోల్చి చూస్తది. కలిస్తే, ప్రకటనల డబ్బు దాఖలు చేసినవాడు తీసుకోవచ్చు. పట్టా ఎవరి పేరునుంటే పంట వాళ్లది. దున్నినవాడు కూలోడు. భూమిలో చూసిందే పాటలోనూ చూస్తున్నాం.

ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకి పింఛనుంది. 2024 జులైలో నెలకి 4,000 రూపాయలు చేశారు. మంచిదే, ముసలితనంలో అన్నం. కానీ పింఛను ప్రభుత్వం దయ. మేర మన హక్కు. ఒకటిచ్చి రెండోది మర్చిపొమ్మంటే కుదరదు.

చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! గూడెంలో డప్పు మోగుతుంటే ఫోను ఎత్తేముందు వాయించేవాళ్ల పేరూ, ఊరూ, తేదీ వాళ్ల నోటితోనే చెప్పించి రికార్డు చెయ్యండి. చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా వేలు పెట్టనివ్వకండి. పేరు వేస్తామన్న మాటా, రాయల్టీ ఇస్తామన్న మాటా కాగితంలో రాయించండి. రాత లేదనే మన మేర ఎగ్గొట్టారు. ఇప్పుడు రాత మన చేతిలో ఉంది.