క్యాంపుకెళ్ళిన హోల్డాలు

మా చిన్నప్పుడు గుమ్మంలోకి ఎవరొచ్చి "సారున్నారా అమ్మా?" అనడిగినా, అమ్మ తలుపు చాటునుంచే "క్యాంపు వెళ్ళారండీ" అనేది. నాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరు. నెలలో పది పన్నెండు రోజులు ఆయన చిరునామా అదే. క్యాంపు అంటే బాపట్లలాగా, బందరులాగా ఏదో ఊరి పేరనుకొనేదాన్ని నేను. ఆ ఊళ్ళో జీడిపప్పు పాకం దొరుకుతుందని, కాలవ గట్టున తాటిముంజెలు అమ్ముతారని, నాన్నగారు తెచ్చే పొట్లాలనుబట్టి ఊహించుకొనేదాన్ని.

తెల్లవారుజామున ఆఫీసు జీపు వచ్చి హారను కొట్టేసరికి అమ్మ హోల్డాలు కట్టి సిద్ధంగా ఉంచేది. ఈ కాలం పిల్లలకు హోల్డాలంటే తెలియదు. ముతక కాన్వాసు గుడ్డతో కుట్టిన పరుపుసంచీ అది. రెండు దుప్పట్లు, దిండు, తువ్వాలు, పంచె, దోమతెర పెట్టి చాపలా చుట్టి, తోలు పట్టీలు బిగించాలి. ఆ పట్టీలు బిగించడానికి అమ్మ మోకాలు పెట్టి తొక్కేది. ముప్ఫై ఏళ్ళు అలా తొక్కింది. ఒక్కసారైనా ఆ జీపెక్కిందా అంటే లేదు. "గవర్నమెంటు జీపు, మనమెక్కకూడదు" అనేది, అదేదో దేవుడి మాన్యమైనట్టు.

నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. అమ్మ ఇప్పుడు బాలానగర్‌లో నా దగ్గరే ఉంటోంది. మొన్న ఆశ్వయుజంలో అటక దులుపుతుంటే హోల్డాలు దొరికింది. పట్టీలు బిరుసెక్కాయి గాని గుడ్డ చెక్కుచెదరలేదు. సరిగ్గా ఆ వారమే మా అబ్బాయి, స్నేహితులంతా అడవిలో డేరా వేసుకొని పడుకొన్నారని, మనమూ వెళ్దామని ప్రాణం తీస్తున్నాడు. ఆ రిసార్టు వాళ్ళకు ఫోను చేశాను. ఒక్క రాత్రి డేరాలో పడుకోవడానికి వాళ్ళడిగిన సొమ్ముతో మా ఇంటికి నెల సరుకులొస్తాయి. చెట్టుకింద పడుకోవడానికా ఇంత డబ్బు అని ఫోను పెట్టేశాను. అమ్మ హోల్డాలు ఒళ్ళో పెట్టుకొని కూర్చుని, "ఇంతకీ క్యాంపంటే ఎలా ఉంటుందే?" అంది.

ఆ ప్రశ్న నన్ను పుస్తకాల మీద పడేసింది.

క్యాంపు అన్న మాట ఇంగ్లీషువాళ్ళది. దాంతోపాటు వాళ్ళు మనకు ఒక ఉద్యోగపు అలవాటును కూడా అంటగట్టి పోయారు. 1800లో నిజాము దత్తమండలాలను కుంపిణీకి అప్పగించినప్పుడు అక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు థామస్ మన్రో. ఏడేళ్ళు ఉన్నాడు. బళ్ళారి, అనంతపురం, కడప సీమల్లో ఊరూరా తిరిగి, రైతు రైతునూ పిలిచి భూమిశిస్తు తేల్చాడు. ఆ ఏళ్ళలో ఎక్కువ భాగం ఆయనకు డేరాయే ఇల్లు, డేరాయే కచేరీ. తరవాత మద్రాసు గవర్నరయ్యాడు. స్వదేశానికి వెళ్ళిపోయే ముందు తన పాత జిల్లాలను ఓసారి చూసి వద్దామని బయలుదేరి, 1827 జులై 6న కర్నూలు సీమలోని పత్తికొండలో కలరా తగిలి పోయాడు. అదీ క్యాంపులోనే. అక్కడివాళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పేరుపెట్టుకొన్నారు. చరిత్ర పుస్తకాలు ఇంతవరకూ చెబుతాయి. నాకు మాత్రం, జబ్బుపడ్డ పిల్లవాడితో ముందు ఏడాదే ఇంగ్లండుకు ఓడెక్కిన ఆయన భార్య జేన్ గుర్తొస్తుంది. నెలల తరబడి సముద్రం దాటితేగాని ఉత్తరం చేరని రోజులవి. భర్త బతికే ఉన్నాడనుకొని ఆవిడ ఎన్ని ఉత్తరాలు రాసిందో!

మన్రోది ఉద్యోగం. మనంతట మనం, ఇంటిల్లిపాదినీ వెంటపెట్టుకొని చేసిన ప్రయాణం సంగతేమిటి? దానికి ఏనుగుల వీరాస్వామయ్యగారు ఉన్నారు. మద్రాసు సుప్రీం కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీ, గయ, కలకత్తా చూసుకొని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలల పదిహేను రోజులు! దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడవడానికి ఇంకా ఇరవైమూడేళ్ళుంది. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని సామెత పుట్టిన రోజులు. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటవాళ్ళు, అంతా కలిసి ఇంచుమించు నూరుమంది. దారిలో చూసిందల్లా తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి రాసి పంపుతూ వచ్చారు. ఆయన పోయాక 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది.

ఆ పుస్తకాన్ని పండితులు ఎన్నో విధాల మెచ్చుకొన్నారు. నేను చదివింది మాత్రం ఇల్లాలి కళ్ళతో. ప్రతి మజిలీకీ ఆయన రాసే లెక్క చూడండి: నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, నీడ ఉందా, డేరా వేయడానికి చోటుందా, దారి ఇసుకా, రాళ్ళా, అడుసా. రేపు పిల్లల్ని తీసుకొని బయటికి వెళ్ళే మనిషికి కావలసినవి సరిగ్గా ఇవే. శ్రీశైలానికి ఆత్మకూరు మీదుగా నాగలూటి, పెద్దచెరువు దాటి కొండలెక్కారు. హైదరాబాదు చూసుకొని, మేడ్చల్, రామాయంపేట, కామారెడ్డి, నిర్మల మీదుగా నాగపూరు వైపు సాగారు. నేటి నాగపూరు రోడ్డు ఇంచుమించు ఆ దారినే, మా ఇంటికి కాస్త తూర్పుగా, బోయినపల్లి మీదుగా పోతుంది. వానకాలంలో నల్లరేగడి నేలల్లో ఆ పల్లకీ మోసిన బోయీల కాళ్ళకు ఏ గేరూ లేదు.

వీరాస్వామయ్యగారు కలిగినవారు. నూరుమందిని వెంటపెట్టుకు వెళ్ళగలరు. చేతిలో డబ్బాడనివాళ్ళ క్యాంపు చూడాలంటే జాతరకు పోవాలి. మా బాలానగర్ చౌరస్తా నుంచి నర్సాపూరు రోడ్డు పట్టుకొని, మెదక్ దాకా పోయి అడిగితే ఏడుపాయలకు దారి చూపిస్తారు. మంజీర ఏడు పాయలుగా చీలిన చోట వనదుర్గమ్మ గుడి. శివరాత్రికి మూడురోజుల జాతర. ఎడ్లబళ్ళు కట్టుకొని ఇంటిల్లిపాదీ వచ్చేవాళ్ళు. బండే ఇల్లు. కింద పడక, పైన సామాను, పక్కన మూడు రాళ్ళ పొయ్యి, చాటుకు కట్టిన చీర. ఎడ్లకు వేసిన గడ్డే రాత్రికి పరుపు. ఈ ఏర్పాటులో కొన్న వస్తువంటూ ఒక్కటి లేదు. నాలుగు కాళ్ళ బండికి డీజిలు కూడా అక్కర్లేదు!

ఇక జీపు. ఇది యుద్ధంలో పుట్టిన బండి. 1940లో అమెరికా సైన్యం, నమూనా బండిని నలభైతొమ్మిది రోజుల్లో తయారుచేసి ఇవ్వాలని షరతు పెడితే, బాంటమ్ అనే చిన్న కంపెనీ చేసిచ్చింది. పాపం, పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కు, ఫోర్డుకు పోయాయి. యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా తయారయ్యాయి. 1940ల చివర్లో మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టారు. అన్నట్టు, స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణంగా చెప్పుకొనేది కూడా జీపులదే, 1948లో సైన్యం కోసం లండన్‌లో కొన్నవి. 1952లో సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసులకు జీపులొచ్చాయి. పల్లెలో దుమ్ము లేచిందంటే ఎన్నికలైనా వచ్చి ఉండాలి, ఆఫీసరైనా వచ్చి ఉండాలి. జీపు అధికారానికి గుర్తయి కూర్చుంది. మా అమ్మ భయం ఊరికే పుట్టలేదు.

దాని గొప్పేమిటో మావారు నాకు చెప్పిన తీరు ఇది. మామూలు కారులో ఇంజను బలం రెండు చక్రాలకే పోతుంది. జీపులో గేరుపెట్టె పక్కన ట్రాన్స్‌ఫర్ కేసని ఇంకో పెట్టె ఉంటుంది. దాని లివరు లాగితే ముందు ఇరుసుకు కూడా బలం అందుతుంది. నీళ్ళ గంగాళాన్ని ఒకరు ఈడ్చడం మాని ఇద్దరు చెరోవైపు పట్టుకొన్నట్టు. ఇంకో లివరుతో చక్రాలు నెమ్మదిగా తిరుగుతాయి గాని బలం పెరుగుతుంది. బురద నుంచి వేగం బయటపడేయదు, ఓపిక బయటపడేస్తుంది అన్నారాయన. ఇంట్లో ఏ విషయంలోనూ ఈ సూత్రం పాటించని మనిషి ఆ మాటన్నందుకు నవ్వొచ్చింది.

1985లో మారుతీ జిప్సీ, 2010లో మహీంద్రా థార్ వచ్చాయి. కొత్త థార్ ధర వింటేనే మనకు ఓపిక పోతుంది. కాని పాత జీపును బతికించడానికి బాలానగర్‌ను మించిన చోటు లేదు. 1960ల నుంచి ఐడీపీఎల్, హెచ్ఏఎల్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు, వాటి నీడన వందలాది చిన్న షెడ్లు వెలిసిన పేట ఇది. ఇరుకు సందుల్లో లేతు మిషన్ల మీద రాకెట్లకు ముక్కలు చేసినవాళ్ళున్నారు. వాళ్ళకు జీపు ఇరుసొక లెక్కా! 2021లో చౌరస్తా మీద ఫ్లైఓవరు వచ్చాక కింద సందడి కాస్త సద్దుమణిగింది గాని, షెడ్లలో ఆకురాయి చప్పుడు అలాగే ఉంది. మావారి స్నేహితుడొకాయనకు అలాంటి షెడ్డులో బాగుచేయించిన ముసలి జీపుంది. డీజిలు మనదే, తెచ్చిచ్చేటప్పుడు ఇంజను ఆయిలు మార్పించాలి అన్న ఒప్పందం మీద ఇచ్చాడు.

అడవిలో పడుకోవాలని మా అబ్బాయి పట్టు. నర్సాపూరు అడవి రిజర్వు ఫారెస్టు. అనుమతి లేకుండా లోపలికి వెళ్ళినా, నిప్పు రాజేసినా 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. ఇది తెలియక సరదాగా వెళ్ళేవాళ్ళు చాలామంది. కాబట్టి అడవికి ఇవతల, మావారితో పనిచేసే ఒకాయన మామిడితోటకు అడిగి వెళ్ళాం. తోట వెనక చిన్న కుంట, ముందు కావలివాళ్ళ గది. ఆ గదికి మరుగుదొడ్డి ఉందని రూఢి చేసుకొన్నాకే నేను ఒప్పుకొన్నాను. మగవాళ్ళు రాసే క్యాంపు ముచ్చట్లలో ఈ సంగతి కనిపించదు. వీరాస్వామయ్యగారి పరివారంలో ఆడవాళ్ళు ఆ పదిహేను నెలలు ఎలా నెగ్గుకొచ్చారో, వాళ్ళలో ఒకరు రాసి ఉంటే బాగుండేది.

సామాను సంగతి: ఎనిమిది వందలు పెట్టి నీలం టార్పాలిను, వెదురుకర్రలు, ఇంట్లో ఉన్న నైలాను తాళ్ళు. చాటుకు నా పాత వెంకటగిరి చీర. పులిహోర, పెరుగన్నం, గోంగూర పచ్చడి, ఉదయానికి అటుకులు. డీజిలుకు పదకొండు వందలు. అమ్మ ముందు సీటులో కూర్చుంది. జీడిమెట్ల, గండిమైసమ్మ, దుండిగల్ దాటేదాకా పై కమ్మీ రెండు చేతులతో పట్టుకొని ఒక్క మాట మాట్లాడలేదు. గుమ్మడిదల దగ్గర మాత్రం, "ఇంత ఊపేస్తుందా ఇది! అందుకేనేమో మీ నాన్న వస్తూనే నడుం వాల్చేవారు" అంది. నేనేమో ఇన్నాళ్ళూ ఆయనకు మాతో మాట్లాడడం ఇష్టం లేదేమో అనుకొన్నాను.

తోటలోకి తిన్నగా పోకుండా, మావారు అబ్బాయికి జీపు మహిమ చూపించాలని కుంట అంచుకు దించారు. చక్రాలు సగం దిగబడ్డాయి. లివరు లాగారు. వెనక చక్రాలు బురద చిమ్మాయి, ముందువి ధ్యానంలో కూర్చున్నాయి. దిగి చూస్తే ముందు ఇరుసుకు పోవలసిన షాఫ్టును ఎవరో ఎప్పుడో విప్పేసి ఉన్నారు! లివరు ఉత్త అలంకారం. చక్రాల గాలి కాస్త తీశాం, కొమ్మలు వేశాం, రాళ్ళు వేశాం. అటుగా గొడ్లు తోలుకుపోతున్న ముసలాయన నిలబడి, "గిదేందమ్మా, కుంటల దోలిన్రు జీపును?" అన్నాడు. చివరికి ఆయనే ట్రాక్టరును పిలిపించాడు. పదిహేను వందలు. టార్పాలినుకూ డీజిలుకూ బేరాలాడి లెక్కలేసుకొన్న నా మొహం మీరు చూడవలసింది.

రాత్రి కార్తీక మాసపు చలి. మామిడిచెట్ల మధ్య టార్పాలిను కట్టాం. ఒక వైపు వాలిపోయింది గాని నిలబడింది. అబ్బాయీ మావారూ పడుకోగానే గుర్రు. అమ్మ హోల్డాలు పట్టీలు విప్పి పరిచింది. లోపలి జేబులో ఏదో తగిలితే తీసింది. ఎండిపోయిన వక్కపలుకులు రెండు, మడతపెట్టిన బస్సు టిక్కెట్టొకటి. మళ్ళీ ఉన్నచోటే పెట్టేసింది. దోమతెర ఏనాడో చిరిగిపోయింది, నేను ఇంకోటి తేలేదు. చాలాసేపు అటూ ఇటూ దొర్లి, చేతుల మీద చరుచుకొంటూ లేచి కూర్చుంది.

"నిద్ర రావడం లేదా అమ్మా?"

"ముప్ఫై ఏళ్ళు తిరిగారు. ఇన్ని దోమలుంటాయని ఒక్కనాడు చెప్పారటే ఆ మనిషి!" అని, నా కప్పుడులో సగం లాక్కొని అటు తిరిగి పడుకొంది.