పగడపు దిబ్బల మీద మనవాళ్లు

ముస్లిం అంటే ఉర్దూ మాట్లాడాలి. ఎక్కడ్నుంచో వచ్చినవాడై ఉండాలి. ఈ రెండు మాటలూ వింటూనే పెరిగాం మేం. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లం మేం ఎటూ కాకుండా పోయాం. అందుకే లక్షద్వీప్ చరిత్ర మాకు పరాయిది కాదు.

అరేబియా సముద్రంలో లెక్కకు 36 ద్వీపాలు. ఒకటి ఇప్పటికే కోతకు మాయమైంది. అన్నీ కలిపితే నేల 32 చదరపు కిలోమీటర్లు. మనుషులుండేవి పది. 2011 లెక్కల్లో జనాభా 64,473. నూటికి 96 మంది ముస్లింలు. మాట్లాడేది మలయాళం; మినికాయ్‌లో మహల్. చాలా ద్వీపాల్లో ఆస్తి తల్లి వైపు నుంచి వస్తుంది. తరవాడు ఉమ్మడి ఆస్తి 'శుక్రవారం ఆస్తి', సొంత సంపాదన 'సోమవారం ఆస్తి'. ముస్లిం స్త్రీకి ఒకే బొమ్మ గీసేవాళ్లు ఈ ఇళ్లు చూశారా?

వాళ్ల చరిత్ర రాజుల చరిత్ర కాదు, కొబ్బరిపీచు చరిత్ర. కన్ననూరు అరక్కల్ పాలకులు పీచు మీద గుత్తాధిపత్యం పెట్టారు. పీచు వాళ్లకే ఇవ్వాలి, బదులుగా బియ్యం తీసుకోవాలి. దోచుకున్నవాళ్లూ ముస్లింలే. విసిగిన అమిని జనం 1787లో టిప్పు సుల్తాన్ పాలనలోకి వెళ్లారు. 1799లో శ్రీరంగపట్నం పడిపోగానే కుంఫిణీ చేతిలో పడ్డారు. పాలకుడిది మన మతమే అయినంత మాత్రాన దోపిడీ తీపి కాదు.

వాళ్లు సముద్రాన్ని ఊడ్చెయ్యరు. దిబ్బల లోపలి నిలకడ నీళ్లలో చిన్నచేపల్ని బతికుండగా పట్టి, బయటి సముద్రంలో ఎరగా చల్లి, ట్యూనాని గాలపుకర్రతో ఒక్కొక్కటిగా లాగుతారు. తాగే నీళ్లు ఇసుక కింద ఉప్పునీటి మీద తేలే పలచటి పొర. మితంగా తోడితేనే బావి తియ్యగా ఉంటుంది. పగడం చస్తే ఎరచేప లేదు. ఎరచేప లేకపోతే అన్నం లేదు. ఇది పుస్తకాల పర్యావరణం కాదు, బతుకు.

వాళ్లు తప్పే చెయ్యరని అనం. దిబ్బల చేపల వేటా పెరిగింది. కానీ 1998, 2010, 2016లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారి చచ్చాయి. ఆ వేడి పుట్టించింది వాళ్లా?

2021లో వాళ్ల మీదికి ముసాయిదాలొచ్చాయి. అభివృద్ధి పేరుతో భూమి తీసుకునే అధికారం, గొడ్డుమాంసంపై నిషేధం, ఇద్దరు పిల్లలు మించితే పంచాయతీ పోటీకి అనర్హత, నేరాలే అరుదైన చోట గూండా చట్టం. తీరంలో జాలర్ల షెడ్లు కూల్చారు. జనం ఇళ్లలోనే కూచుని నిరాహారదీక్ష చేశారు.

ఈ నేల మీద మీ ప్రేమేదని మమ్మల్ని అడుగుతుంటారు. బావి ఉప్పు కాకుండా తోడుకునే చేతుల్ని చూడండి. మా జవాబు అదే.