మాటల పంపకం

పెద్దల మాట చద్దన్నం మూట అంటరు గదా బిడ్డా. అసుంటి మూట కట్టి ఇచ్చినోళ్లు మన దిక్కు శానామంది ఉండిరి, కాయితం మీద పెట్టినోళ్లే తక్కువ. యూదుల గురువులు, రబ్బీలంటరు వాళ్లను, ఆ పని చేసిండ్రు. ఇయ్యాల ఆ ముచ్చట చెప్తా. సాంచా బందువెట్టి కూసో, ఆ ఫోను గూడ పక్కన పెట్టు.

వీలునామా అంటే మనకేం యాదికొస్తది? ఇల్లు పెద్దోనికి, సాంచాలు నడిపోనికి, అమ్మ ముక్కుపుల్ల ఆడబిడ్డకు. ఆ రబ్బీలు ఇంకో తీరు వీలునామా రాసేటోళ్లు. అండ్ల ఆస్తి ముచ్చటుండది. పిల్లలు ఎట్ల బతకాలె, ఎవరితోని ఎట్ల మాట్లాడాలె, సచ్చిపోయినంక తనకు ఏం చెయ్యాలె, ఏం చెయ్యొద్దు, అంతే.

అందరికన్న నాకు ఇష్టమైనోడు పాతకాలపోడు, రబ్బీ గూడ కాదు, వైద్యుడు. పేరు యూదా ఇబ్న్ టిబ్బన్. 12వ శతాబ్దంల గ్రనాడాల పుట్టి, ఫ్రాన్స్ దక్షిణాన లూనెల్‌ల ఉండె. కొడుకు సామ్యూల్‌కు ఇంత పొడుగు ఉత్తరం రాసిండు. అరబ్బీ రాత మొదలువెట్టి ఏడేండ్లు దాటె, ఎంత బతిమిలాడినా ఇనవైతివి అని తిట్టుడు. పంతులుకు ఏడాదికి 30 బంగారు నాణేలు పోసిన అని లెక్క చెప్పుడు. నాయినలు ఏ దేశంల అయినా గంతే బిడ్డా, ఫీజు కట్టిన ముచ్చట మర్వరు.

ఇగ పుస్తకాల సంగతి సూడు. హీబ్రూవి నెలకోపారి సూసుకో, అరబ్బీవి రెండు నెలలకోపారి, అట్ట కట్టినవి మూడు నెలలకోపారి. బీరువాలకు మంచి పరదాలు కప్పు, చెమ్మ తాకనియ్యకు, ఎలుకలను రానియ్యకు. ఎవరన్న అడిగితే ఇయ్యి, గని పుస్తకం గడప దాటకముందే రాసుకో, తిరిగొచ్చినంక కొట్టెయ్యి. రెండు పెద్ద పండుగలకు బయటున్నవన్ని తెప్పించుకో. చెయ్యి మారిన పుస్తకం తిరిగి రాదని మనోళ్లు అనుకొని ఊకుండిరి, ఆయన ఉపాయం చెప్పిండు. ఆ తిట్లు వట్టిగ పోలే. అదే సామ్యూల్, మైమోనిడీస్ అనే పండితుడు రాసిన పెద్ద గ్రంథాన్ని అరబ్బీ నుంచి హీబ్రూలకు తెచ్చిండు. నాయిన ఉత్తరం మాత్రం ఆరు నూర్ల ఏండ్లు చేతిరాతల్నే ఉండి, 1852ల బెర్లిన్‌ల అచ్చయింది.

మనకూ ఉత్తరాలుండె. 15 పైసల కార్డు కరీంనగర్ దిక్కునుంచి మనముండే ఈ పద్మనగర్‌కు వచ్చేది. చదువొచ్చినోడు ఒక్కడుంటే ఖోలీ మొత్తానికి వాడే చదివేటోడు. పైన రెండు వరుసలు వానల ముచ్చట, కింద అంత బుద్ధులే: పగారు పారేసుకోకు, కల్లు దిక్కు పోకు, తమ్మున్ని కొట్టకు. చదివినంక ఇనుప తీగకు గుచ్చేటోళ్లం. తీగ నిండితే కిందియి తీసి పొయ్యిల పెట్టేటోళ్లం. సరే, యాడికో పోతున్న, రబ్బీల కాడికి వస్తా.

అచ్చు పని వచ్చినంక ప్రేగ్‌ల, ఆమ్‌స్టర్‌డామ్‌ల హీబ్రూ అచ్చుకూటాలు నడిచినయి. రబ్బీల వీలునామాలు గూడ అచ్చుకెక్కినయి. కొన్ని ఏడెనిమిది ఆకుల పొత్తాలంతే. పెద్ద గ్రంథానికి అట్ట కడ్తరు, చిన్న పొత్తాన్ని చదివి చదివి చింపుతరు. అందుకే శానా ఇప్పుడు దొరకవు.

ఫ్రాంక్‌ఫర్ట్‌ల నఫ్తాలీ కాట్స్ అని పెద్ద రబ్బీ ఉండె. 1711ల ఆయన ఇంట్ల అంటుకున్న అగ్గి యూదుల వాడనంత కాల్చింది. ఆయన్ని జైల్ల పెట్టిండ్రు. ఆఖరికి పుణ్యభూమికి బయలెల్లి ఇస్తాంబుల్‌ల కన్నుమూసిండు. ఇల్లు కాలినోని వీలునామా గూడ అచ్చయి మిగిలింది సూడు.

విల్నా గావోన్ అని ఇంకో మహాపండితుడు. ఆయన గూడ పుణ్యభూమికని బయలెల్లి, తొవ్వల నుంచే ఇంటికి రాసిండు. అక్కడిదాంక పోలేక మర్లొచ్చిండు. 1797ల పోయిండు, ఉత్తరం 1836ల అచ్చయింది. అంతటి పండితుడు భార్యకు ఏం రాసిండు? మా అమ్మను గౌరవించు అని. అమ్మకేం రాసిండు? కోడలితోని కలిసుండు అని. అత్తలేని కోడలు ఉత్తమురాలు అన్న మన సామెత ఆయన ఇంట్ల గూడ తిరిగినట్టుంది. గుడికి పోతే ఒకరి బట్టలు సూసి ఒకరు కుళ్లుకుంటరు, చాడీలు చెప్పుకుంటరు, బిడ్డ ఇంట్ల దండం పెట్టుకున్నా మంచిదే అని గూడ రాసిండు. మన జాతర్ల ఆడోళ్ల ముచ్చట్లు ఇన్నోనికి ఇది కొత్త గాదు.

ఇట్లాంటి వీలునామాలను ఇజ్రాయెల్ అబ్రహమ్స్ అనే పండితుడు ఏరి కూర్చితే, 1926ల ఫిలడెల్ఫియాల రెండు సంపుటాలుగ వచ్చినయి.

యూదులు మనకు దూరపోళ్లు అనుకోకు. మన మాన్కోలి నాకా కాడ ఇప్పుడన్ని గోదాములు, లారీలే గని, అదే నాసిక్ రోడ్డు పట్టుకొని ఠాణే పోతే 1879ల కట్టిన వాళ్ల గుడి ఉన్నది. కొంకణ్‌ల వాళ్లు నూనె గానుగలు ఆడేటోళ్లు, శనివారం గానుగ ఆపేటోళ్లు, అందుకే శనివార తేలీలు అన్నరు. శానా కాలం వాళ్ల చేతిల పుస్తకాలే లేకుండె, శనివారం మాత్రం ఇడువలే. తర్వాత 1846ల బొంబాయిల మరాఠీతోని కలిపి పస్కా పండుగ పుస్తకం అచ్చేసుకున్నరు.

మనం పుట్టకముందు నుంచి పుస్తకాలున్నా, మన తాతల మాటలు అండ్ల లేవు. మీ నాయినమ్మ ఇంకా ఉన్నది గదా బిడ్డా. ఈ ఆదివారం పోయి ఆమె దగ్గర కూసో, చెప్పింది చెప్పినట్టు రాయి, కింద ఊరి పేరు, తారీఖు ఎయ్యి.