నీటిలో పడినది, ఒడ్డుకు చేరినది

చదువరులారా, మన ఇండ్లలో ఎవరైనను చిన్న నష్టమునకు మిక్కిలి బెంగపడినయెడల పెద్దలు, "ఇప్పుడేమి పుట్టి మునిగినదని ఇంత దిగులు?" అని అడుగుదురు. పుట్టి యనగా వెదురు బద్దలతో గంపవలె అల్లి, పైన తోలు కప్పిన గుండ్రని పడవ. కృష్ణ, తుంగభద్రల రేవులలో తరతరములుగ మనుష్యులును, ధాన్యపు బస్తాలును, మేకలును దానిలోనే ఏరు దాటుచు వచ్చిరి. అది మునిగినదనగా ఒక పూటలోనే ఒక కుటుంబపు బ్రదుకుతెరువు నీళ్లపాలైనదని అర్థము. ఈ మాటను వినునప్పుడెల్ల ఒక ప్రశ్న తోచుచుండును. పుట్టి మునిగినప్పుడు మొదట వెదకవలసినది దేనిని? సరకునా, మనిషినా?

మలక్‌పేట వారికి నీటి మాట క్రొత్తది కాదు. ఆ పేట మూసీకి దక్షిణపు ఒడ్డున నున్నది. 1908 సెప్టెంబరు 28న, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమున, ఆ చిన్న యేరు పొంగి నగరమును ముంచెను. చాదర్‌ఘాటు వంతెనయు, అఫ్జల్‌గంజి వంతెనయు కొట్టుకొనిపోయెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ యొక్క వరదలోనే పోగొట్టుకొని ఒంటరిగా మిగిలెను. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ఆలోచన ప్రకారము ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరులు కట్టబడెను. ఇండ్లు మరల లేచెను. వంతెనలు మరల నిలిచెను. అమ్జద్ ఇంటి దీపములు మాత్రము మరల వెలుగలేదు.

ఈ మూసీకిని హుస్సేన్ సాగరునకును బంధుత్వము కలదు. 16వ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్ షా కాలములో కట్టిన ఆ చెరువునకు మూసీ నుండియే కాలువ త్రవ్వి నీరు తెచ్చిరి. చెరువు నిండిన తరువాత మిగులు నీరు నాలాగుండ పారి, మలక్‌పేటకు ఎదుటి దరిని, అంబర్‌పేట వైపున మరల మూసీలోనే కలియును. ఆ చెరువులోనే 1990లో మన కాలపు మిక్కిలి పెద్ద "పుట్టి మునుగుట" జరిగెను. నేటి పిల్లలు విగ్రహమును చూచుచున్నారు గాని ఆ కథను ఎరుగరు. కనుక దానిని ఇచట కొంత విపులముగా చెప్పుదము.

నందమూరి తారక రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్న కాలమున అమెరికాలో న్యూయార్కు రేవునందలి స్వేచ్ఛామూర్తిని చూచి, హైదరాబాదునకు నీటి నడుమ అట్టి మూర్తి యొకటి యుండవలెనని తలంచిరి. బుద్ధుని విగ్రహము చేయించుటకు నిశ్చయమైనది. భువనగిరికి సమీపమున, యాదగిరిగుట్టకు పోవు త్రోవలో, రాయగిరి యొద్ద తెల్లని నల్లసేనపు బండ యొకటి దొరికెను. 1985లో పని ఆరంభమైనది. గణపతి స్థపతిగారి ఆధ్వర్యమున వందలాది శిల్పులు ఏండ్ల తరబడి ఉలి పట్టి, ఒకే రాతిలో సుమారు 17 మీటర్ల మూర్తిని తేల్చిరి. దాని బరువు ఇంచుమించు 450 టన్నులని చెప్పుదురు.

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెత ఇచట అక్షరాల నెరవేరినది. 1988లో 192 చక్రముల బండిమీద విగ్రహమును పరుండబెట్టి, దాదాపు 60 కిలోమీటర్లు మెల్లమెల్లగా నడిపించి, చెరువు గట్టునకు చేర్చిరి. అంతలో 1989 డిసెంబరున ప్రభుత్వము మారెను. ఆపైన మిగిలినది కొద్దిపాటి నీటి ప్రయాణమే. 1990 మార్చి 10న విగ్రహమును ఒక పెద్ద బల్లకట్టు పడవమీది కెక్కించి చెరువులోనికి త్రోసిరి. కొండనుండి నగరమువరకు క్షేమముగా వచ్చిన రాయి ఒడ్డునుండి నూరు గజములైన పోకమునుపే ఒరిగెను. పడవ వాలెను; విగ్రహము జారి నీటి అడుగున బురదలో పడెను. దానితోబాటు పడవమీద పని చేయుచున్నవారిలో పలువురు ప్రాణములు కోల్పోయిరి.

భారమైన వస్తువు పడవనుండి ఎట్లు పడునో కొంచెము తెలిసికొనుట మంచిది. మలక్‌పేట గంజిలో హమాలీలు లారీకి బస్తాలెత్తుట చూచినవారికి ఇది సులభముగా బోధపడును. అనుభవము గల హమాలీ రెండు ప్రక్కలను సమముగా పేర్చును. మోకు బిగించి కట్టును. నేలమీద పొరబాటైనను చక్రములు గట్టి దారినే ఆనుకొనియుండును. నీటిమీద అట్లు కాదు. పడవ ఒక ప్రక్కకు వ్రేలెడు ఒరిగినచో సరకు అటే జారును. జారినకొలది పడవ మరింత ఒరుగును. ఒరిగినకొలది మరింత జారును. ఆ వరుస ఒకసారి మొదలైన పిమ్మట మనుష్యుల చేతిబలము దానిని ఆపజాలదు. కాబట్టియే పుట్టి నడుపువారు బరువును నడుమ నుంచి, మనుష్యులను అంచు చుట్టును సమముగా కూర్చుండబెట్టుదురు.

రాజులు సహితము ఈ నియమమునకు అతీతులు కారు. 1628 ఆగస్టు 10న స్వీడను దేశపు రాజు కట్టించిన వాసా అను యుద్ధనౌక స్టాక్‌హోము రేవులో తొలి ప్రయాణముననే మునిగెను. దానికి పైభారము ఎక్కువ. పోకమునుపు ముప్పదిమంది నావికులను ఓడమీద ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పరుగెత్తించి చూచిరి. ఓడ అపాయకరముగా ఊగుటతో పరీక్షను మానిపించిరి గాని ప్రయాణమును మానిపించలేదు. ఆ ఓడ 1961లో, అనగా 333 ఏండ్లకు, పైకి తీయబడెను.

మన విగ్రహమునకు అంత కాలము పట్టలేదు. రెండు సంవత్సరముల ఎనిమిది నెలలు అది నీటి అడుగున నుండెను. నీటిలో మునిగిన నల్లసేనపు రాయి తన బరువులో మూడవ వంతుకంటె ఎక్కువే తేలికయగును. అయితే అడుగు బురద దానిని పట్టి లాగును. నీటినుండి పైకి వచ్చునప్పుడు పోయిన బరువంతయు మరల తిరిగివచ్చును. ఇన్ని చిక్కులను జయించి నిపుణులు దానిని లేవనెత్తి, చెరువు నడుమ నున్న జిబ్రాల్టరు బండ యను వేదికమీద 1992 డిసెంబరు 1న నిలిపిరి. రాతికి చెప్పుకొనదగిన హాని కలుగలేదు. నేడు లుంబినీ వనమునుండి పడవలమీద ప్రతిదినము జనులు పోయి చూచి వచ్చుచున్నారు.

ఇచట మన మొకింత ఆగవలెను. సరకు దొరికినది. శ్రమ వ్యర్థము కాలేదు. లోకము దీనిని జయమనుచున్నది. కాదనుట న్యాయము గాదు. అయినను ఆ దినమున ఉదయము సద్దిమూట కట్టుకొని పనికి వెళ్లి సాయంకాలము ఇంటికి రానివారిని ఏ యంత్రము లేవనెత్తగలదు? రాతిని వెదకుటకు రెండేండ్లకు పైగా పట్టినది. వారి యిండ్లలో వెదకుట ఎన్నడును ముగియదు.

దీనికి సరిగా ఎదురుగా నిలుచు ఓడ యొకటి పురాతన చరిత్రలో కలదు. క్రీ.శ. 60 ప్రాంతమున రోముకు పోవుచు పౌలు ఎక్కిన ధాన్యపు ఓడ పెనుగాలిలో చిక్కెను. అపొస్తలుల కార్యముల గ్రంథమున 27వ అధ్యాయము దాని వృత్తాంతమును వివరముగా చెప్పుచున్నది. మొదట సరకులో కొంత పారవేసిరి. మూడవ దినమున ఓడ సామగ్రిని తమ చేతులతోనే సముద్రములో వేసిరి. కడపట గోధుమలను సహితము పారబోసిరి. చివరకు ఓడయే బ్రద్దలైనది. అయితే దానిలోని 276 మందిలో ఒక్కడైనను నశింపక మెలితే ద్వీపమున ఒడ్డెక్కిరి. అచట వస్తువులన్నియు పోయి ప్రాణములన్నియు దక్కెను. ఇచట వస్తువు దక్కి ప్రాణములు పోయెను. ఈ రెండు లెక్కలలో ఏది లాభమో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రాణరక్షణకై సరకు పారవేయుట పూర్వులకు తెలిసిన ధర్మమే. ఓడను తేలిక చేయుటకు ఒకని సరకు పారవేసినయెడల ఆ నష్టమును అందరును పంచుకొనవలెనని రోదు ద్వీపపు నావికులు నియమము చేసిరి. రోమనులు దానిని తమ ధర్మశాస్త్రమున చేర్చుకొనిరి. నేటి సముద్ర వర్తకములోను ఆ నియమము సాగుచున్నది. అందరి మేలుకై ఒకడు పోగొట్టుకొన్నది అందరి నష్టమే గాని వాని ఒక్కని నష్టము కాదు. ఎంత న్యాయమైన మాట! ఒకని గోధుమలకే ఇంత న్యాయమున్నప్పుడు, అందరి కనులపండువకై మోకు పట్టి ప్రాణము విడిచినవారి యెడల ఊరివారికి ఋణము లేదా?

మనము పాఠము నేర్చితిమా? 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదగా నుండగా, పాపికొండలు చూడబోయిన విహారపు పడవ దేవీపట్నము దాటిన పిమ్మట కచ్చులూరు యొద్ద మునిగెను. దానిలో హైదరాబాదు, వరంగల్లు వారును ఉండిరి. 26 మందిని ఒడ్డు పల్లెలవారు తమ చిన్న పడవలతో వచ్చి రక్షించిరి. సగమునకు మించినవారు తిరిగి రాలేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందమువారు లంగరులు వేసి, ఇనుప మోకులతో లాగి, ఐదు వారములు దాటిన తరువాత అక్టోబరు 22న పడవను పైకి తెచ్చిరి. ఆ నైపుణ్యము మెచ్చదగినదే. కాని ఆనాడు నిజముగా విలువైన పని చేసినది వరద నీటిలోనికి వెంటనే తెడ్డు వేసిన ఆ పల్లెవారే. వారు సంచులను వెదకలేదు, చేతులను పట్టుకొనిరి.

కాబట్టి పడవ ఎక్కునప్పుడు మనము చేయదగినవి కొన్ని కలవు. బరువును అడుగున, నడుమ నుంచి కట్టవలెను. ఒక ప్రక్కకే గుంపుగా చేరరాదు. తేలుచొక్కాను చేతిలో పట్టుకొని గాక ఒంటికి తొడిగి ముడి వేసికొనవలెను. చెప్పు గాని, సంచి గాని, ఫోను గాని నీటిలో జారినచో దానికై వంగరాదు, పోనిమ్ము. వంగిన ఒక్కనికొరకు పడవయంతయు వాలును.

ఈసారి హుస్సేన్ సాగరు గట్టుమీద నడచునప్పుడు బిడ్డలకు ఆ తెల్లని మూర్తిని చూపుడి. అది ఎంత ఎత్తో చెప్పుడి. అది ఒకసారి నీటిలో పడి లేచినదని చెప్పుడి. పిమ్మట, దానితోకూడ పడి లేవనివారు కొందరు గలరని కూడ తప్పక చెప్పుడి.