“ఈసారి కూడా కష్టమే” అనేవాళ్ళకి మన హాకీ చరిత్ర చెప్పే జవాబు

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

కొత్త హాకీ సీజన్ వస్తుందంటే చాలు, భారత మహిళల జట్టు మీద జోస్యాలు మొదలవుతాయి. “పారిస్ ఒలింపిక్స్‌కే వెళ్ళలేకపోయారు, ప్రో లీగ్‌లో అట్టడుగున నిలిచి కిందికి పడిపోయారు, ఇంక వీళ్ళ పని అయిపోయింది” అంటున్నారు. సలీమా టెటె నడిపించిన జట్టు ఇది. జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లా, బడ్కీఛాపర్ అనే పల్లె నుంచి వచ్చిన ఆదివాసీ బిడ్డ ఆమె. ఆ మాటలు వింటే మాకు ఊరుకోబుద్ధి కాదు. అయితే కోపంతో నాలుగు మాటలు అనేస్తే జవాబు చెప్పినట్టు కాదు. చరిత్ర తీసి మాట్లాడదాం.

వాళ్ళు చెప్పే ఓటములు అబద్ధం కాదు. 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ దారి మూసుకుపోయింది. 2025 సెప్టెంబరులో ఆసియా కప్ ఫైనల్లో మొదటి నిమిషంలోనే గోల్ కొట్టి కూడా చైనా చేతిలో 1-4తో ఓడిపోయాం. ఇవన్నీ నిజాలే. కానీ “కాబట్టి ఇక వీళ్ళ వల్ల కాదు” అంటున్నారే, మా పేచీ అంతా ఆ “కాబట్టి” దగ్గరే.

1928కి వెళ్దాం. ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి వెళ్ళే భారత జట్టు బయల్దేరే ముందు బొంబాయిలో స్థానిక జట్టుతో ఆడి ఓడిపోయింది. ఓడ ఎక్కేరోజు వీడ్కోలు చెప్పడానికి వచ్చింది ముగ్గురంటే ముగ్గురే. ధ్యాన్‌చంద్ ఈ సంగతి తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ జట్టుకి కెప్టెన్ ఎవరో మనకి తెలుసు. ఖూంటి ప్రాంతంలోని టక్రా గ్రామంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న జైపాల్ సింగ్ ముండా. ఆయన ఇంగ్లండ్‌లోనే ఉండి అక్కడ జట్టులో కలిశారు. ఫైనల్లో ఆయన ఆడలేదు గానీ, ఆ జట్టు 5 మ్యాచుల్లో 29 గోల్స్ కొట్టింది. ఒక్కటి కూడా ఇవ్వలేదు. ఫైనల్లో నెదర్లాండ్స్‌ని వాళ్ళ గడ్డ మీదే 3-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. బొంబాయి మ్యాచ్ ఒక్కటే చూసి తేల్చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ జోస్యం మూడు నెలలు కూడా నిలవలేదన్నమాట.

“అది వందేళ్ళ కిందటి కథ” అంటారా? సరే, దగ్గరికొద్దాం. 2016 రియో. 36 ఏళ్ళ తర్వాత మన మహిళలు ఒలింపిక్స్‌కి వెళ్ళారు. 12 జట్లలో 12వ స్థానం. నిరాశ జోస్యం చెప్పినవాళ్ళు అప్పుడు గెలిచారు, అది కూడా నిజమే. మరి ఆ జట్టులో ఉన్న సుందర్‌గఢ్ దీప్ గ్రేస్ ఎక్కా, ఖూంటి నిక్కీ ప్రధాన్ ఆట మానేశారా? ఐదేళ్ళ తర్వాత టోక్యోలోనూ వాళ్ళే ఉన్నారు. దీప్ గ్రేస్ వైస్ కెప్టెన్. కొత్తగా సలీమా వచ్చి చేరింది.

టోక్యోలో మొదటి మూడు మ్యాచులూ ఓటమే. నెదర్లాండ్స్‌తో 1-5, జర్మనీతో 0-2, బ్రిటన్‌తో 1-4. అప్పుడు జట్టు మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు ఎంతమంది? తర్వాత ఐర్లాండ్‌పై 1-0, దక్షిణాఫ్రికాపై 4-3 గెలిచారు. క్వార్టర్ ఫైనల్లో ఎదురుగా ఆస్ట్రేలియా, అప్పటిదాకా ఒక్క ఓటమీ లేని జట్టు. వాళ్ళకి 7 పెనాల్టీ కార్నర్లు వచ్చినా ఒక్కటీ గోల్ కాలేదు. మనకి వచ్చింది ఒకే ఒక్కటి, గుర్జీత్ కౌర్ దాన్ని గోల్ చేసింది. 1-0. మహిళల జట్టు మొదటిసారి ఒలింపిక్ సెమీస్‌కి చేరింది. పతకం ఒక్క గోల్ తేడాతో పోయి నాలుగో స్థానం వచ్చింది. 12వ స్థానం నుంచి నాలుగుకి!

రాంచీ ఓటమి తర్వాతా ఇదే జరిగింది. ఆ ఓటమి ఎదురైన స్టేడియం పేరు మరంగ్ గోమ్కే జైపాల్ సింగ్ స్టేడియం. ఆ బాధ మాకింకా పోలేదు. కానీ కొన్ని నెలలకే సలీమా కెప్టెన్ అయింది. అదే ఏడాది నవంబరులో రాజ్‌గీర్‌లో, పారిస్‌లో రజతం గెలిచిన చైనాని ఫైనల్లో 1-0తో ఓడించి ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ ఎత్తింది.

జోస్యం చెప్పేవాళ్ళు పోయినేటి పాయింట్ల పట్టిక చూస్తారు. పట్టికలో జట్టు ఎక్కడుందో తెలుస్తుంది, ఆ జట్టు ఎక్కడి నుంచి తయారవుతుందో తెలియదు. సిమ్‌డేగా పల్లెల్లో ఖస్సీ టోర్నమెంట్లు జరుగుతాయి, గెలిచిన జట్టుకి బహుమతి మేకపోతు. వెదురు కర్రలతో ఆట మొదలుపెట్టే పిల్లలు ఉంటారు. మైఖేల్ కిండో, సిల్వానస్ డుంగ్‌డుంగ్, సుమరాయ్ టెటె వచ్చింది ఆ నేల నుంచే. అక్కడ ఒక సీజన్ చెడితే ఆట ఆగిపోదు. తర్వాతి బ్యాచ్ అప్పటికే మైదానంలో ఉంటుంది.

అందుకని జట్టుని విమర్శించొద్దు అనట్లేదు. ముందు గోల్ కొట్టాక ఆధిక్యం ఎందుకు నిలవట్లేదు? పెనాల్టీ కార్నర్లు ఎందుకు వృథా అవుతున్నాయి? ఇవి అడగాల్సిన ప్రశ్నలు, అడుగుదాం. వాటికి జవాబు ప్రాక్టీసులో దొరుకుద్ది. “వీళ్ళ వల్ల కాదు” అనే మాటకి మాత్రం ఏ ప్రాక్టీసూ జవాబు కాదు. ఆ మాట మనకి కొత్త కూడా కాదు. మొదటి సెమిస్టర్ మార్కులు చూసి మన హాస్టల్ పిల్లల గురించి అనేదీ ఇదే కదా.

ఈ సీజన్లో కప్పు ఖాయమని మేం చెప్పట్లేదు. ఓడినా ఓడొచ్చు. మ్యాచ్ మొదలవ్వకముందే రాసిపెట్టిన ఓటమిని మాత్రం ఒప్పుకోం. మొదటి మ్యాచ్ రోజు హాస్టల్లో అందరం కలిసి కూర్చుని చూద్దాం. చిన్న తరగతుల తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ కూడా పిలవండి. జైపాల్ సింగ్ ఎవరో వాళ్ళకి ఆరోజే చెబుదాం.

జోహార్!